25 నానోమీటర్ల బేరియం టైటనేట్: నిజంగా క్యూబిక్ అయిందా, మనకే అలా కనిపిస్తోందా?

ప్రశ్న: పొడిమూట

హైడ్రోథర్మల్ పద్ధతిలో (మూసిన పాత్రలో వేడి నీటిలో) చేసిన బేరియం టైటనేట్ పొడులు రెండున్నాయి.

మొదటిది: బేరియం హైడ్రాక్సైడ్ ఆక్టాహైడ్రేట్, టైటానియం ఐసోప్రొపాక్సైడ్ నుంచి తీసిన జెల్, బేరియం–టైటానియం నిష్పత్తి 1.5, 120 °సె, 24 గంటలు. టీఈఎంలో (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) సగటు కణం సైజు 25 నానోమీటర్లు.
రెండోది: అదే మిశ్రమం, 200 °సె, 48 గంటలు. సగటు 70 నానోమీటర్లు.
పోలికకు బయట కొన్న 400 నానోమీటర్ల పొడి.

ఎక్స్ఆర్డీలో (ఎక్స్-రే వివర్తనం) 45° దగ్గర కొన్న పొడికి (002), (200) పీకులు విడివిడిగా కనిపిస్తున్నాయి, అంటే టెట్రాగొనల్ (సి అక్షం ఎ కంటే కాస్త పొడవు). 70కి ఒకటే పీకు, ఎడమవైపు భుజం ఉందేమోనని అనుమానం. 25కి గుండ్రటి పీకు ఒకటే. క్యూబిక్ (మూడు అక్షాలూ సమానం) అనుకుని ఫిట్ చేస్తే లాటిస్ 4.03 ఆంగ్‌స్ట్రాములు వస్తోంది. రామన్‌లో (చెదిరిన లేజర్ కాంతి కొలత) మాత్రం మూడింటికీ 305 సెం.మీ.⁻¹ దగ్గర పీకు ఉంది, చిన్నదానికి కాస్త నీరసంగా. డీఎస్సీలో (పొడి పీల్చే, వదిలే వేడిని కొలిచేది) 25 పొడికి మొదటిసారి వేడి చేసినప్పుడు 110 °సె దగ్గర వెడల్పాటి ఎండోథర్మ్ (వేడి పీల్చిన గుర్తు) వచ్చింది, రెండోసారి ఏమీ లేదు.

ఉపరితలం వల్ల క్యూరీ ఉష్ణోగ్రత (దీని పైన ధ్రువణత పోయి క్యూబిక్ అవుతుంది) గది ఉష్ణోగ్రత కిందికి పడిపోయిందని రాయొచ్చా? సైజును బట్టి క్యూరీ ఉష్ణోగ్రత చెప్పే ఉచినో సూత్రంలో 25 పెడితే 136 °సె వస్తోంది, బల్క్ (పెద్ద స్ఫటికం) కంటే ఎక్కువ! ఎక్కడ పొరపాటు?

---

జవాబు 1: కోణమాని

ముందు సూత్రం సంగతి. 1989లో ఉచినో బృందం ఇచ్చింది 128 − 700/(D − 110), D నానోమీటర్లలో. 110 కంటే చిన్న D పెడితే హారం రుణాత్మకమై, తీసేయాల్సింది కలుస్తుంది. అందుకే 136. ఆ సూత్రం వాళ్ల పొడులకు గీసిన గీత మాత్రమే, 110 కింద దానికి అర్థమే లేదు. 120 పెడితే 58 °సె వస్తుంది. అంటే ఆ పొడుల ప్రకారం మీ 70 కూడా ఎప్పుడో క్యూబిక్ అయిపోవాలి. కానీ 110 అనే అంకె బేరియం టైటనేట్ స్వభావం కాదు, ఆ పొడుల స్వభావం.

ఇక ఎక్స్ఆర్డీ. "ఒకే పీకు ఉంది కాబట్టి క్యూబిక్" అనే ముందు లెక్క వేయండి. బల్క్‌లో సి 4.036, ఎ 3.994 ఆంగ్‌స్ట్రాములు. రాగి కే-ఆల్ఫా ఎక్స్-రేలతో (002) 44.87° దగ్గర, (200) 45.37° దగ్గర వస్తాయి. మధ్య దూరం అర డిగ్రీ. షెరర్ లెక్కన (కణం సైజు నుంచి పీకు వెడల్పు చెప్పే సూత్రం) 25 నానోమీటర్లకు కేవలం సైజు వల్ల వచ్చే వెడల్పు 0.34°. దీనికి కే-ఆల్ఫా-2 (పక్కనే ఉండే రెండో తరంగదైర్ఘ్యం) తెచ్చే 0.12° చీలిక, యంత్రం సొంత వెడల్పు తోడవుతాయి. బల్క్ టెట్రాగొనాలిటీ పూర్తిగా ఉన్నా రెండు పీకులు అతికీ అతకనట్టు కనిపిస్తాయి. అది సగానికి తగ్గి సి/ఎ 1.005 అయితే దూరం పావు డిగ్రీ. విడిగా చూసే ఆశే లేదు.

ఏం చేయొచ్చంటే:

పై కోణానికి వెళ్లండి. (400) కుటుంబం 100° దగ్గర ఉంటుంది. అక్కడ చీలిక 1.45°, 25 నానోమీటర్ల సైజు వెడల్పు 0.50°. 45° దగ్గరితో పోలిస్తే చీలికకు, వెడల్పుకు మధ్య నిష్పత్తి రెట్టింపు. తీవ్రత తక్కువ కాబట్టి 97 నుంచి 104° వరకు 0.02° అడుగుతో, అడుగుకు 20–30 సెకన్లు పెట్టి రెండు మూడు గంటలు వదిలేయండి.

(111)ని సాక్షిగా పెట్టుకోండి. టెట్రాగొనల్ వక్రీకరణలో 39° దగ్గరి (111) చీలదు, (200) చీలుతుంది. సైజు వెడల్పు తీసేశాక కూడా (200) స్పష్టంగా వెడల్పుగా ఉంటే లోపల వక్రీకరణ దాగి ఉందన్నమాట. మెలిక ఒకటుంది: దిశను బట్టి మారే స్ట్రెయిన్ కూడా (200)ను వెడల్పు చేయగలదు. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

అన్నిటికంటే గట్టి పరీక్ష వేడి స్టేజీ. అదే పొడిని 30, 60, 90, 120, 150, 200 °సె దగ్గర కొలవండి. (200) వెడల్పు వేడితోపాటు తగ్గి ఒకచోట నిలకడ పట్టి, చల్లారాక మళ్లీ పెరిగితే గది ఉష్ణోగ్రత దగ్గర అది క్యూబిక్ కాదు. ఎక్కడా మారకపోతే రెండే దారులు: అసలే క్యూబిక్, లేదా మార్పు 200 °సె పరిధి అంతటా పరుచుకుంది. అన్నట్టు, పొడిని ముందే ఒకసారి 200 °సె వరకు వేడి చేసి చల్లార్చాకే ఈ కొలత మొదలుపెట్టండి. లేకపోతే నీరు పోవడం వల్ల లాటిస్‌లో వచ్చే మార్పు దీనితో కలిసిపోతుంది.

యంత్రం వెడల్పుకు లాంథనమ్ హెక్సాబోరైడ్ స్టాండర్డ్ వాడండి. సిలికాన్ స్టాండర్డ్ పర్వాలేదు గానీ 100° ప్రాంతంలో దానికి పీకులు తక్కువ. సింక్రోట్రాన్ అవకాశం ఉంటే (మనకు ఇండోర్‌లో ఇండస్-2 ఉంది) కే-ఆల్ఫా-2 గొడవే ఉండదు. షెరర్ వెడల్పు మాత్రం అక్కడా వదలదు, అది పొడిది, యంత్రానిది కాదు.

ఫిట్ దగ్గర మరో మాట. క్యూబిక్‌తో ఆర్-విలువ (ఫిట్ ఎంత సరిపోలిందో చెప్పే సంఖ్య) బాగుందని ఆగకండి. టెట్రాగొనల్‌తోనూ, రెండు దశల మిశ్రమంతోనూ ఫిట్ చేసి మూడూ పక్కపక్కన పెట్టండి. ఈ సైజుల్లో మూడూ దాదాపు ఒకే విలువ ఇవ్వడం మామూలే. అలా వస్తే "ఈ డేటాతో తేల్చలేం" అని రాయడమే నిజాయితీ.

---

జవాబు 2: తెరఛార్జీ

కోణమాని గారు చూపు గురించి చెప్పారు. అసలు ఉపరితలం ఎందుకు తలదూరుస్తుందో నేను చెబుతాను, ఎందుకంటే "సైజు తగ్గితే క్యూరీ తగ్గుతుంది" అన్న వాక్యం సగమే నిజం.

బల్క్ బేరియం టైటనేట్ ధ్రువణత సుమారు చదరపు సెంటీమీటరుకు 26 మైక్రోకూలంబ్‌లు. ధ్రువణత ఉపరితలం దగ్గర ఆగిపోయినచోట అంత బంధిత ఛార్జీ తేలుతుంది. ఎలక్ట్రాన్లలో చెబితే చదరపు నానోమీటరుకు 1.6. యూనిట్ సెల్ ముఖం 0.16 చదరపు నానోమీటర్లు కాబట్టి సెల్‌కు పావు ఎలక్ట్రాన్ పైచిలుకు. దీన్ని ఏదీ తెరకట్టకపోతే (ఎదురు ఛార్జీతో కప్పకపోతే) గోళంలో ఎదురు క్షేత్రం (నేపథ్య పర్మిటివిటీని 1 అనుకుంటే) నానోమీటరుకు 10 వోల్టుల దాకా వెళ్తుంది. నేపథ్య పర్మిటివిటీ దాన్ని కొన్ని రెట్లు తగ్గించినా, అంత క్షేత్రంలో ఏ ఫెర్రోఎలక్ట్రిక్ (సొంత ధ్రువణత ఉన్న) దశా నిలబడదు. కాబట్టి పొడి ముందు మూడు దారులే ఉన్నాయి: ధ్రువణతను వదులుకోవడం, ఎదురెదురు డొమైన్లుగా విడిపోవడం లేదా సుడిలా తిరగడం, బయటి నుంచి ఛార్జీ తెచ్చుకోవడం.

ఆ మూడో దారిలోనే కెమిస్ట్రీ ఉంది. సెల్‌కు పావు ఛార్జీ అంటే ప్రతి నాలుగు సెల్‌లకు ఒక హైడ్రాక్సిల్ అతుక్కున్నా లెక్క సరిపోతుంది. గాలి తగిలిన ఏ ఆక్సైడ్ మీదైనా అంతకంటే ఎక్కువే ఉంటాయి. 2006లో బేరియం టైటనేట్ నానోతీగల మీద వచ్చిన పని చెప్పింది ఇదే: హైడ్రాక్సిల్, కార్బాక్సిలేట్ లాంటివి ఉపరితలం మీద ఉండటం వల్లే అంత సన్నని తీగల్లో ధ్రువణత నిలిచింది. 2009లో లెడ్ టైటనేట్ ఫిల్ములో ఎలక్ట్రోడ్ పెట్టకుండా, పైనున్న ఆక్సిజన్ పీడనం మార్చి ధ్రువణతను తిప్పి చూపించారు. అంటే ఇక్కడ ఉపరితలం మీది వాయువు కూడా ఒక ఎలక్ట్రోడే.

ఇందుకే "క్రిటికల్ సైజు" అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. బేరియం టైటనేట్ పొడుల్లో 120 నానోమీటర్లు. అదే పదార్థం స్ట్రాన్షియమ్ రుథెనేట్ ఎలక్ట్రోడ్ల మధ్య ఉంటే ఆరు యూనిట్ సెల్‌లు, అంటే సుమారు 2.4 నానోమీటర్లని 2003లో జున్‌కెరా, ఘోసెజ్ లెక్కించారు. 2004లో లెడ్ టైటనేట్ ఫిల్ములో మూడు సెల్‌ల మందం దగ్గర కూడా గది ఉష్ణోగ్రతలో చారల డొమైన్లు కనిపించాయి. 120కీ 2.4కీ మధ్య తేడా సైజు వల్ల వచ్చింది కాదు. ఒకచోట ఛార్జీని తెరకట్టే ఎలక్ట్రోడ్ ఉంది, ఇంకోచోట ఉపరితలం మీద ఏముందో ఎవరికీ పట్టలేదు.

రెండో విషయం కోర్–షెల్ (లోపలి భాగం, పై తొక్క). 1954లోనే అన్లికర్, బ్రుగ్గర్, కెంట్సిగ్ బేరియం టైటనేట్ సన్నపొడి పైన లోపలి భాగంలా ప్రవర్తించని పొర ఉందన్నారు. లాండౌ సిద్ధాంతంలో దీన్ని ఎక్స్‌ట్రాపొలేషన్ పొడవు అనే ఒకే సంఖ్యలో దాస్తారు: ఉపరితలం దగ్గర ధ్రువణత ఎంత వేగంగా పడిపోతుందో అది చెబుతుంది. ధనాత్మకమైతే ఉపరితలం ధ్రువణతను అణచి క్యూరీని కిందికి లాగుతుంది. రుణాత్మకమైతే తలకిందులు, ఉపరితలమే ముందు ధ్రువణత పొందుతుంది. 1979లో క్రెట్ష్మర్, బైండర్ దీన్ని ఎదురు క్షేత్రంతో కలిపి రాశారు. 1994లో జోంగ్ బృందం గోళాకార కణాలకు అన్వయించింది.

షెల్ 5 నానోమీటర్లు అనుకోండి. 100 నానోమీటర్ల కణంలో కోర్ 73 శాతం. 50లో 51 శాతం. 30లో 30 శాతం. 25లో 22 శాతమే. ఎక్స్ఆర్డీ మొత్తానికి సగటు కడుతుంది, కాబట్టి 25 దగ్గర టెట్రాగొనల్ కోర్ ఉన్నా గొంతు వినిపించదు. షెల్ 2 నానోమీటర్లే అయితే మాత్రం అదే 25లో కోర్ 59 శాతం. మొత్తం కథ ఆ షెల్ మందం మీద ఉంది, ఆ మందం మీ కడుగుడు మీద ఉంది.

ఒక వివరణను పక్కన పెట్టేయమని నా సలహా. "ఉపరితల తన్యత లోపలికి నొక్కి క్యూరీని దించింది" అని చాలామంది రాస్తారు. ఉపరితల శక్తి చదరపు మీటరుకు 1 జౌల్ అనుకుంటే 10 నానోమీటర్ల వ్యాసార్ధానికి పీడనం 0.2 గిగాపాస్కల్. బేరియం టైటనేట్ క్యూరీ గిగాపాస్కల్‌కు సుమారు 50 డిగ్రీలు దిగుతుంది. అంటే 10 డిగ్రీలు, వంద కాదు. పైగా నొక్కితే లాటిస్ కుదించుకోవాలి కదా? మీ లాటిస్ 4.03కి ఉబ్బింది. ఉబ్బడానికి కారణం వేరే ఉంది, అది జలతాపం గారు చెప్పాలి.

---

జవాబు 3: జలతాపం

4.03 చూడగానే నాకు కనిపించింది హైడ్రాక్సిల్. ఉపరితలం మీదవి కావు, లాటిస్ లోపలివి. హైడ్రోథర్మల్ పొడి నీళ్లలో, అదీ తక్కువ ఉష్ణోగ్రతలో పుడుతుంది. ఆక్సిజన్ స్థానాల్లో కొన్నిచోట్ల ఓహెచ్ (హైడ్రాక్సిల్) కూర్చుంటుంది. ఛార్జీ సరిపెట్టడానికి బేరియం ఖాళీలు ఏర్పడతాయి. లాటిస్ ఉబ్బుతుంది, టెట్రాగొనాలిటీ చస్తుంది. 120 °సె దగ్గర చేసినదాంట్లో ఇది 200 °సె పొడి కంటే బాగా ఎక్కువ. కాబట్టి మీ రెండు పొడుల మధ్య సైజు ఒక్కటే మారలేదు, లోపలి కెమిస్ట్రీ కూడా మారింది. సైజు ప్రభావం అని రాసేముందు దీన్ని విడదీయాలి.

లెక్క ఇలా. సాంద్రత ఘన సెం.మీ.కు 6.02 గ్రాములు పెడితే 25 నానోమీటర్ల కణాల ఉపరితల వైశాల్యం గ్రాముకు 40 చదరపు మీటర్లు. బీఈటీలో (వాయువు అంటించి ఉపరితల వైశాల్యం కొలిచే పద్ధతి) 35–40 వస్తే కణాలు విడివిడిగా ఉన్నాయి. 15 వస్తే మెడలు కలిసి గట్టిపడ్డాయి, టీఈఎం సైజును నమ్మకండి. ఇప్పుడు ఉపరితలం మీద ప్రతి యూనిట్ సెల్‌కు ఒక ఓహెచ్ చొప్పున నిండుగా కప్పేశాయనుకోండి. రెండు ఓహెచ్‌లు కలిసి ఒక నీటి అణువుగా పోతాయి. గ్రాముకు 3.7 మిల్లీగ్రాములు, అంటే 0.37 శాతం. టీజీఏలో (వేడి చేస్తూ బరువు తగ్గడం కొలిచేది) 200 నుంచి 600 °సె మధ్య మీకు 1.5 శాతం పోతే దాంట్లో ఉపరితలం వాటా 0.4 మించదు, మిగతాది లోపలిదే. టీజీఏకు మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలించి ఉంటే 18 (నీరు), 44 ద్రవ్యరాశులు రెండూ చూడండి. 44 కనిపిస్తే అది కార్బన్ డయాక్సైడ్, నీరు కాదు.

ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ స్పెక్ట్రం) 3000–3600 సెం.మీ.⁻¹ మధ్య వెడల్పాటి గుట్ట పైపై నీరు, దాని మీద 3500 దగ్గర నిలబడే సన్నటి పీకు లాటిస్ ఓహెచ్. 1430–1450, 860 దగ్గరివి కార్బొనేట్. పొటాషియం బ్రోమైడ్ (కేబీఆర్) బిళ్ల వద్దు, అదే నీరు పీలుస్తుంది. బిళ్ల అక్కర్లేని ఏటీఆర్ గానీ డ్రిఫ్ట్స్ గానీ వాడండి.

వేడి చేసే క్రమం: 300, 400, 500, 600 °సె, ఒక్కోచోట 2 గంటలు, పొడి ఆక్సిజన్ ప్రవాహంలో, నిమిషానికి 3 డిగ్రీలు. ప్రతి మెట్టుకూ కొత్త భాగం తీసుకోండి, ఒకే పొడిని మళ్లీమళ్లీ వేడి చేయొద్దు. ప్రతిదానికీ బీఈటీ, లాటిస్, ఐఆర్ మూడూ కొలవాలి. లాటిస్ 4.03 నుంచి 4.00 వైపు దిగి, బీఈటీ కదలకపోతే మీకు కావలసింది దొరికింది: అదే సైజు, ఓహెచ్ లేదు. బీఈటీ పడిపోతే కణాలు పెరుగుతున్నాయి, ఆ మెట్టు నుంచి పై డేటాను సైజు చర్చలో వాడొద్దు.

ఇందులో చెడిపోయేవి:

వేడి చేసినప్పుడు ఓహెచ్ బయటికి పోతే మిగిలిన బేరియం, ఆక్సిజన్ ఖాళీలు ఒకచోట చేరి కణం లోపలే బొక్కలుగా మారతాయి. టీఈఎంలో తెల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. అంటే లోపల కొత్త ఉపరితలం పుట్టింది. "క్లీన్ కోర్" అనుకున్నదానికి మళ్లీ ఉపరితల ప్రభావం. దీన్ని తప్పించాలంటే మొదటే ఓహెచ్ తక్కువగా ఉండే దారిలో చేయాలి: ఎక్కువ ఉష్ణోగ్రత, లేదా నీటి బదులు ఆల్కహాల్ ఎక్కువున్న ద్రావణి.

వాక్యూమ్‌లో వేడి చేయకండి. పొడి బూడిద రంగుకు తిరిగితే ఆక్సిజన్ పోయింది, ఇప్పుడు చలించే ఎలక్ట్రాన్లు వచ్చాయి, పైన తెరఛార్జీ గారు చెప్పిన తెరకట్టడం మొత్తం మారిపోతుంది.

కడుగుడు అసలు సిసలు గండం. బేరియం కార్బొనేట్ (24° దగ్గర చిన్న పీకు) తీసేయడానికి అందరూ 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం పోస్తారు. కార్బొనేట్ పోతుంది, దానితో పాటు పై రెండు మూడు పొరల బేరియం కూడా పోతుంది. మిగిలేది టైటానియం ఎక్కువైన, ధ్రువణత లేని తొక్క. షెల్‌ను మన చేత్తో మనమే చేసుకున్నట్టు. మామూలు డిస్టిల్డ్ నీటితో పదిసార్లు కడిగినా ఇదే జరుగుతుంది, కాస్త నెమ్మదిగా. ఆమ్లం ఒక్కసారే, 5 నిమిషాలు మించకుండా. ఆ తర్వాత మరిగించి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టిన నీటిలో అమోనియా చుక్కలు వేసి పీహెచ్ 10 దగ్గర పెట్టి రెండుసార్లు, చివర ఎథనాల్‌తో ఒకసారి. కార్బొనేట్ మొదటే రాకుండా చూడటం ఇంకా మేలు: బేరియం హైడ్రాక్సైడ్ సీసా తెరిచింది తెరిచినట్టు ఉంచితే పైన తెల్లటి పెంకు కడుతుంది, ఆ పెంకు తూచి వేస్తే నిష్పత్తి 1.5 అన్నది కాగితం మీదే.

---

పొడిమూట

చాలా ఉపయోగపడింది. బీఈటీ 33 చ.మీ. వచ్చింది. టీజీఏ 200–600 మధ్య 1.9 శాతం, మాస్ స్పెక్ట్రోమీటర్ లేదు. అంటే లోపలి ఓహెచ్ ఎక్కువే అనుకోవాలి.

రెండు సందేహాలు మిగిలాయి. రామన్‌లో 305 ఉంది కదా, అది టెట్రాగొనల్‌కు సాక్ష్యం కాదా? డీఎస్సీలో రెండోసారి ఏమీ లేకపోవడం దశా మార్పు లేదనడానికి సరిపోతుందా?

---

జవాబు 4: మందవేడి

రామన్ ముందు. 305 దగ్గరి పీకు చెప్పేది స్థానికంగా టైటానియం మధ్యలో లేదని. కొన్ని యూనిట్ సెల్‌ల మేర సౌష్ఠవం విరిగితే చాలు, అది వస్తుంది. ఆ విరగడం ఒక వరసలో కణమంతా నిలబడిందా లేదా అన్నది రామన్‌కు పట్టదు. బల్క్ స్ఫటికంలో కూడా క్యూరీ పైన, క్యూబిక్‌లో అసలు మొదటి శ్రేణి రామన్ ఉండకూడని చోట, 260, 520 దగ్గర వెడల్పాటి గుట్టలు మిగులుతాయి. టైటానియం అక్కడ మూలల దిశల్లోకి పక్కకు జరిగి దిశలు మారుస్తూ ఉంటుంది, సగటున మాత్రమే మధ్యలో ఉంటుంది. కాబట్టి ఎక్స్ఆర్డీ క్యూబిక్, రామన్ టెట్రాగొనల్ అన్నది వైరుధ్యం కాదు. ఒకటి ఊరంతా చూస్తుంది, ఇంకోటి ఇల్లు చూస్తుంది.

వాడుకోవాలంటే 305ను ఉష్ణోగ్రతతో పాటు చూడండి. 20 డిగ్రీలకొకటి చొప్పున 200 °సె దాకా. అది ఒకచోట చప్పున పోతే మార్పు ఉంది, మెల్లగా కరిగిపోతే సైజుల పంపిణీ వల్ల మార్పు పరుచుకుంది. లేజర్‌తో జాగ్రత్త: వదులు నానోపొడి వేడిని బయటికి పంపదు. నమూనా మీద 1 మిల్లీవాట్ లోపు ఉంచండి, పవర్ సగం చేసి పీకు స్థానం కదులుతుందేమో చూడండి. కదిలితే స్టేజీ చూపే ఉష్ణోగ్రత అబద్ధం. 1060 దగ్గర సన్నటి గీత వస్తే బేరియం కార్బొనేట్ ఇంకా ఉంది.

డీఎస్సీ. మొదటిసారి 110 దగ్గర వచ్చింది నీరు. బేరియం టైటనేట్ క్యూరీ, నీరు ఎగిరిపోయేది ఒకే చోట పడటం ఈ పదార్థంలో పాత ఉచ్చు. రెండోసారి ఏమీ లేదనడం సరే, కానీ కనిపించాల్సింది ఎంత? బల్క్ గుప్తోష్ణం గ్రాముకు సుమారు 0.9 జౌల్. 20 మిల్లీగ్రాములకు 18 మిల్లీజౌల్స్. మార్పు 40 డిగ్రీల మేర పరుచుకుని, నిమిషానికి 20 డిగ్రీలతో వేడి చేస్తే సంకేతం 0.15 మిల్లీవాట్. కోర్ 22 శాతమే అయితే 0.03. చాలా యంత్రాల్లో బేస్‌లైన్ వంపు అంతకంటే ఎక్కువ. కాబట్టి "లేదు" అనడానికి డీఎస్సీ చాలదు, "ఉంది" అనడానికే పనికొస్తుంది. 70 పొడితో ముందు ప్రయత్నించండి. 40 మిల్లీగ్రాములు నొక్కి నింపి, మూతకు సూదిబెజ్జం పెట్టి, 200 °సె దగ్గర 20 నిమిషాలు ఆరబెట్టి, ఆ తర్వాతి వేడి, చల్లార్పు రెండూ చూడండి. రెండింటి మధ్య కొన్ని డిగ్రీల తేడా ఉంటే మొదటి శ్రేణి మార్పు ఇంకా బతికే ఉంది.

ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. బల్క్‌లో టెట్రాగొనల్ నుంచి ఆర్థోరాంబిక్‌కు 5 °సె దగ్గర, అక్కడి నుంచి రాంబోహెడ్రల్‌కు −90 °సె దగ్గర మారుతుంది. సన్నటి రేణువుల్లో పై మార్పు కిందికి, కింది మార్పులు పైకి వస్తాయి. గది ఉష్ణోగ్రత దగ్గర మీ 70 పొడిలో ఆర్థోరాంబిక్ కలిసి ఉండే అవకాశం ఉంది. భుజం అనుకున్నది అదీ కావచ్చు.

---

జవాబు 5: కెపాసిటర్ కొట్టు

పర్మిటివిటీ కొలుస్తారేమోనని ముందే చెబుతున్నా. కోర్ 2000, షెల్ 30 అనుకుని, మందంలో పదో వంతు షెల్‌గా సిరీస్‌లో కలిపితే మొత్తం 264. కోర్ ఎంత గొప్పగా ఉన్నా షెల్ మింగేస్తుంది, క్యూరీ దగ్గర శిఖరం కూడా చదునైపోతుంది. చదునైన వక్రరేఖ చూసి దశా మార్పు పోయిందని రాసిన వ్యాసాలు బోలెడు. ఎంఎల్‌సీసీ (బహుళ పొరల సిరామిక్ కెపాసిటర్) పొరలు సన్నబడేకొద్దీ తయారీదారులను వేధించేది కూడా ఇదే.

పీఎఫ్ఎం (సూదిమొనతో వోల్టేజీ పెట్టి ధ్రువణత తిప్పి చూసే సూక్ష్మదర్శిని) లూప్ చూపించి ఫెర్రోఎలక్ట్రిక్ అనడమూ అంతే. ఉపరితలం మీది నీరు, చార్జీ, అయాన్ల కదలిక కూడా లూపులు గీస్తాయి. గాజు పలక మీద అదే వోల్టేజీతో లూపు వస్తుందేమో ముందు చూడండి.

---

జవాబు 2కు కొనసాగింపు: తెరఛార్జీ

పొడిమూట గారూ, 1.9 శాతం అంటే మీరు కొలిచింది 'ఉపరితలం' కాదు, 'ఓహెచ్ ఉన్న బేరియం టైటనేట్'. 33 చ.మీ.కు ఉపరితలం వాటా 0.3 శాతమే.

నిజంగా ఉపరితలం ఏం చేస్తుందో చూడాలంటే కోర్‌ను కదపకుండా పైది మాత్రమే మార్చాలి. 500 °సె దగ్గర ఆరిన ఒకే బ్యాచ్‌ను మూడు భాగాలు చేయండి. ఒకటి పొడి ఆక్సిజన్‌లోంచి నేరుగా గ్లవ్‌బాక్స్‌లోకి. ఒకటి తడి గాలిలో రెండు రోజులు. ఒకటి ఆక్టైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లంతో కప్పినది: చదరపు నానోమీటరుకు 4 అణువులు లెక్కన 40 చ.మీ.కు గ్రాముకు 0.27 మిల్లీమోల్, అంటే 52 మిల్లీగ్రాములు. మీ 33కి 43 మిల్లీగ్రాములు. పొడి ఎథనాల్‌లో 80 °సె, గంటసేపు, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో మూడుసార్లు కడగాలి. నీరుంటే ఆమ్లం బేరియాన్ని లాగేస్తుంది కాబట్టి ఎథనాల్ పొడిదే కావాలి. మూడింటినీ మూసిన కేపిలరీల్లో పెట్టి వేడి స్టేజీ మీద (400) వెడల్పు చూడండి. మూడూ ఒకేచోట నిలకడ పడితే ఉపరితలం పాత్ర చిన్నది. విడిపోతే ఆ తేడా ఉపరితలానిదే.

ఉపరితలం ఎప్పుడూ శత్రువని కూడా అనుకోకండి. హాఫ్నియా, జిర్కోనియాలలో అది ఉలటా. బల్క్‌లో గది ఉష్ణోగ్రతకు మోనోక్లినిక్‌గా ఉండేది, సైజు చిన్నదైతే ఉపరితల శక్తి వల్ల టెట్రాగొనల్‌గా నిలుస్తుందని 1965లో గార్వీ జిర్కోనియాకు చూపించారు. 2011లో సిలికాన్ కలిపిన హాఫ్నియాలో ఫెర్రోఎలక్ట్రిసిటీ బయటపడింది కూడా 10 నానోమీటర్ల స్థాయి ఫిల్ముల్లోనే.

పద్ధతి నేర్చుకోవడానికి మాత్రం లెడ్ టైటనేట్ సులువు. సి/ఎ 1.06 పైన ఉంటుంది కాబట్టి 25 నానోమీటర్లకూ పీకులు విడిగా కనిపిస్తాయి. 1988లో ఇషికావా బృందం రామన్‌తో ఇచ్చిన 500 − 588.5/(D − 12.6)లో 25 పెడితే 450 °సె చుట్టూ వస్తుంది. సీసం ఆవిరి కాకుండా మూసిన క్రూసిబుల్, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

---

పొడిమూట

ముందు 500 °సె మెట్టు, బీఈటీ, (400) స్కాన్ చేస్తాను. కడిగేటప్పుడు ఆమ్లం అరగంట వాడిన బ్యాచ్ ఇది, కాబట్టి కొత్తది చేయాల్సిందే. జలతాపం గారూ, అమోనియా నీటితో కడిగాక ఆరబెట్టేది ఓవెన్‌లోనా?

---

జలతాపం

ఓవెన్ వద్దు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ మళ్లీ అంటుకుంటుంది. ఎథనాల్ కడుగుడు అయ్యాక వాక్యూమ్ డెసికేటర్‌లో 60 °సె, రాత్రంతా. ఈ ఉష్ణోగ్రతలో వాక్యూమ్ వల్ల ఆక్సిజన్ పోదు, ఆ హెచ్చరిక 400 పైకి. నిల్వకు బిగుతు మూత సీసా, లోపల సోడా లైమ్ సంచి ఒకటి. వారం దాటితే కొలిచే ముందు ఐఆర్‌లో 1440 ఒకసారి చూసుకోండి.